అమావాస్యనాడు ఆడిన మగ్గం

మా మామగారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను మూడో తరగతి పిల్లల చేత ఏడో ఎక్కం చెప్పిస్తున్నాను. మా హెడ్మిస్ట్రెస్ ఏదైనా పనుంటే ఎప్పుడూ ఆయమ్మను పంపుతారు. ఆ రోజు తనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "మీరు ఇంటికి పొండి మేడం, మీ ఆయన ఫోన్ చేసినాడు" అన్నారు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు ఆయన నాలుగు ఇడ్లీలు తిని, చట్నీ రెండోసారి వేయించుకుని, కారం తగ్గిందని వంక కూడా పెట్టారు. తర్వాత పేపరు పట్టుకుని వసారాలో కుర్చీలో కూర్చున్నారట. అత్త మజ్జిగ తీసుకుని వెళ్లేసరికి పేపరు ఒడిలో ఉంది, ప్రాణం లేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఎవరి చేతా ఒక్క పూట చాకిరీ చేయించుకోలేదు.

ఇది చదివేవాళ్లలో ఆయన్ని ఎరిగినవాళ్లు నగరిలో ఒక నాలుగు వీధుల వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఆయన పేరు నేను రాయడం లేదు. రాసినా ఆ నాలుగు వీధుల్లో సగం మందికి అది ఎవరి పేరో తెలియదు. అందరికీ ఆయన మేస్త్రీ. మరమగ్గాలు చెడిపోతే బాగుచేసే మనిషిని మా వైపు అలాగే పిలుస్తారు. సొంతంగా ఒక్క మగ్గం కూడా లేదు ఆయనకు. కానీ ఊళ్లో మగ్గాలన్నీ తనవే అన్నట్టు తిరిగేవారు. చిన్న స్పానరొకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. పెళ్లిళ్లకు పోయినా ఉండేది. నా పెళ్లి ఫోటోలో కూడా ఉంది.

నేను చిత్తూరు పిల్లను. మా ఇంటి దగ్గర పెద్ద శబ్దం అంటే మామిడికాయల మండీకి వచ్చే లారీ హారనే. పెళ్లయి నగరికి వచ్చిన వారం రోజుల్లో నాకు తలనొప్పి పట్టుకుంది. మా ఇంటికీ పక్కింటి షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. పొద్దున మొదలైతే లటక్ లటక్ మని ఇల్లంతా అదే. ఒకరోజు తట్టుకోలేక అత్తను అడిగేశాను, ఇవి ఎప్పుడు ఆగుతాయి అని. అత్త పప్పు ఎనుపుతూ తల ఎత్తకుండా "అమావాస్యకు" అంది. నేను ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు, నిజమే చెప్పింది. అమావాస్యనాడు మా వీధిలో మగ్గం ఆడదు. ఆ రోజు మగ్గాన్ని తుడిచి, నూనె పెట్టి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తారు. తాతల నాటి చేతిమగ్గాల కాలం నుంచి వస్తున్న నియమం. కరెంటు మగ్గాలు వచ్చాక ఎన్నో మారాయి గానీ ఇది మారలేదు. అమావాస్యనాడు మగ్గం ఆడించాడంటే వాడు కులానికీ అమ్మవారికీ కూడా ద్రోహం చేసినట్టే లెక్క. ఆ మాట ఒకరిని అనడమూ అంత పెద్ద నిందే.

మామ పనితనం గురించి ఒక్క సంగతి చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. పాతిక మగ్గాలు ఒకేసారి ఆడుతున్న షెడ్డు గుమ్మంలో నిలబడి, లోపల అడుగు పెట్టకుండానే, "కిటికీ పక్కనుండే దానికి నాడె సరిగ్గా పోవడంలా, ఆపు దాన్ని" అనేవారు. నాడె అంటే దారం మోసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తే కొయ్య. ఆ రొదలో నాకు పక్కన నిలబడినవాళ్ల మాటే వినపడదు. ఆయనకు ఏ మగ్గం ఏమంటోందో విడివిడిగా వినపడేది. "మగ్గానికి అబద్దం సెప్పడం రాదుమ్మా. మనం ఇనుకోవాల, అంతే" అనేవారు. చదువు ఐదో తరగతి. పరువు మొత్తం ఆ రెండు చెవుల్లో ఉంది.

ఏడేళ్ల కిందట, శివరాత్రి దాటాక వచ్చిన అమావాస్య. పొద్దున కాఫీ తాగుతూ ఆయన చటుక్కున గ్లాసు కింద పెట్టారు.

"ఎవుడో మగ్గం ఆడిస్తా ఉండాడు" అన్నారు.

"యాడ?" అంది అత్త. "నాకేమీ ఇనపడలా."

"నీకెప్పుడు ఇనపడింది గనక. ఈడే, పక్కనే."

అంటూనే లేచి చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి వెళ్లిపోయారు. ఆ షెడ్డు సొంతదారును మేము మొదలాళి అంటాం, అరవం నుంచి వచ్చిన మాట. మామ కంటే ఐదారేళ్లు చిన్న. ముప్పై ఏళ్లుగా ఆయన మగ్గాలన్నీ చూసుకునేది మామే. వీధి నిండా జనం, గుడికి పోయేవాళ్లు. మామ వాకిట్లో నిలబడి గట్టిగా కేకలు వేశారు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని ఆ రోజే నాకు తెలిసింది.

"అమావాస్య పూట మగ్గం ఆడిస్తావా? నీకు బొత్తిగా భయం లేకుండా పోయిందా? మీ నాయన ఉంటే నిన్ను గడప తొక్కనిస్తాడా?"

మొదలాళి నుదుట విభూది పెట్టుకుని, చేతిలో కర్పూరం పళ్లెంతో బయటికి వచ్చాడు. పళ్లెం కింద పెట్టి, మొలలో తాళంచెవి తీసి, షెడ్డు తలుపు తెరిచాడు. నేనూ అత్తా వెనకాలే వెళ్లాం. లోపల మగ్గాలన్నీ బొట్లు పెట్టుకుని కదలకుండా నిలబడి ఉన్నాయి. మొదటి మగ్గం ముందు దీపం వెలుగుతోంది. మామ ఒక మగ్గం మీద చెయ్యి పెట్టారు. తర్వాత ఇంకోదాని మీద పెట్టారు.

"సూడు మేస్త్రీ, బాగా సూడు" అన్నాడు మొదలాళి. "నలుగురిలో నా పరువు తీసినావు. సరే, పో."

మామ క్షమించమనలేదు. తల వంచుకుని ఇంటికి వచ్చేశారు.

మర్నాటి నుంచి పనికి పోవడం మానేశారు. మోకాళ్ల నొప్పులన్నారు. మేము నమ్మాం. డెబ్బై దాటిన మనిషికి మోకాళ్లు నొప్పి అంటే ఎవరు కాదంటారు. పక్కింటి వాళ్లతో మాటలు ఆగిపోయాయి. మొదలాళి భార్య మా అత్తకు రోజూ కరివేపాకు ఇచ్చేది, అదీ ఆగింది. ఇంట్లో మాత్రం ఆయన మనిషి మారిపోతూ వచ్చారు. ఫ్రిజ్ ఏదో శబ్దం చేస్తోందని ప్లగ్గు పీకేశారు, పెరుగంతా పులిసిపోయింది. గోడ గడియారంలో బ్యాటరీ తీసేశారు. ట్యాంకు మోటారు బాగాలేదని ఎలక్ట్రీషియన్‌ను పిలిపిస్తే అతను చూసి, ఏమీ లేదు పెద్దాయనా అని పోయాడు. అతన్ని దొంగ అని తిట్టారు.

నేను టీచర్ని కదా, నాకు అన్నీ తెలుసనుకుంటాను. ఆయనకు శబ్దం పడటం లేదని కనిపెట్టేశాను. మా అమ్మాయిని టీవీ పెట్టవద్దన్నాను. అత్త పూజ గదిలో పెట్టుకునే రేడియో ఆపించాను. మిక్సీ కూడా ఆయన బయటికి పోయినప్పుడే తిప్పేదాన్ని. సాయంత్రం పక్కింటి మగ్గాలు ఆగాయంటే ఇల్లు పరీక్ష హాలు లాగా ఉండేది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. ఆయన అంతకంతకూ చిక్కిపోయారు. అన్నం దగ్గర కూర్చుంటే రెండు ముద్దలకే లేచిపోయేవారు. నిద్ర లేక కళ్ల కింద నల్లగా అయిపోయింది. ఒకరోజు అత్త ఏదో అడిగితే చేతిలోని గ్లాసు గోడకేసి కొట్టారు. నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆ మనిషి ఆమె మీద ఎన్నడూ గొంతెత్తలేదు. అత్త ఆ గ్లాసు తీసి సొట్టను వేలితో తడిమింది. ఏడవలేదు. "ఈ మనిషికేదో అయిందిమ్మే" అంది నాతో. అని ఊరుకోలేదు, ఏదో గాలి సోకిందని ఎవరి దగ్గరో తాయెత్తు తెచ్చింది. వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసింది. ఆయన కాదనలేదు. అన్నిటికీ తల ఊపేవారు.

ఎండాకాలం వచ్చింది. చిత్తూరు నుంచి మా అమ్మ గంపెడు మామిడికాయలు పంపింది. కరెంటు పోయి పక్కింటి మగ్గాలు ఆగిపోయిన ఒక మధ్యాహ్నం, పెరట్లో కత్తిపీట వేసుకుని ఊరగాయకు ముక్కలు కొడుతున్నాను. ఆయన వచ్చి పక్కన గచ్చు మీద కూర్చున్నారు. నేను చెయ్యి నొప్పి పుట్టి కాసేపు ఆగాను.

"ఆపొద్దుమ్మా" అన్నారు. "కొడతా ఉండు."

నేను కొట్టాను. మళ్లీ ఆగితే మళ్లీ అదే మాట. మూడోసారి నాకు అనుమానం వచ్చి, ఏమైంది మామా, నిజం చెప్పండి అని అడిగాను.

"నా సెవుల్లో మగ్గాలు ఆడతా ఉండాయమ్మా" అన్నారు. "నాలుగు వీధుల అవతల షెడ్డు ఆడతాంటే ఇనపడతాదే, ఆ మాదిరి. పొద్దస్తమానం. ఏదన్నా సప్పుడు ఉంటే కొంచెం అణుగుతాది. ఇల్లు సద్దుమణిగితే ఇంక నా నెత్తి మీదనే. నాకు పిచ్చి పడతాండాదేమో."

మూడు నెలలుగా ఇంట్లో చప్పుడన్నది లేకుండా చేసి, దయ అనుకుంటూ, ఆ మనిషిని హింస పెట్టింది నేనే. ఆ మాట ఆయనతో అన్నాను, ఏడ్చాను కూడా. ఆయన నవ్వి, "నీకేం తెలుస్తాది, నాకే తెలియలా" అన్నారు.

మరి పక్కింటాయనతో ఈ సంగతి చెప్పి, తప్పయిందని ఒక మాట అనేస్తే పోయేది కదా అన్నాను. దానికి ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తప్పయిందని సెప్పాలంటే సెవి సంగతి సెప్పాల. సెవి సంగతి సెప్తే ఇంక మేస్త్రీ యాడ ఉండాడు? లేని మగ్గం ఇనపడేవానికి ఉండే మగ్గం అప్పజెప్తారా ఎవరన్నా?"

అదీ ఆయన కష్టం. నోరు మూసుకుంటే స్నేహితుడి ముందు దోషి. నోరు తెరిస్తే యాభై ఏళ్ల పేరు పోతుంది.

తిరుపతికి తీసుకెళ్లాను. పుత్తూరు దాటక ముందే ఆయన బస్సులో నిద్రపోయారు. కిటికీ కమ్మీకి తల ఆనించి, నోరు తెరుచుకుని, చంటిపిల్లాడు పడుకున్నట్టు పడుకున్నారు. ఆ డొక్కు బస్సు ఇంజను మోతలో ఆయనకు నెలల తర్వాత నిద్ర పట్టింది. తిరుపతిలో దిగాల్సిన చోట దిగకుండా నేను బస్‌స్టాండు దాకా టికెట్టు పొడిగించుకున్నాను.

చెవి డాక్టరు చిన్నపిల్ల, మా తమ్ముడి వయసు కూడా ఉండదు. ముందు నూనె సంగతి విని మమ్మల్ని చీవాట్లు పెట్టింది. తర్వాత ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి వినికిడి పరీక్ష చేశారు. ఆ గదిలో ఏ శబ్దమూ లేదు. ఆయన చెమటలు కక్కుకుంటూ బయటికి వచ్చారు. అప్పుడు ఆ అమ్మాయి ఆయన చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక మిషను మీద బొత్తాలు తిప్పుతూ రకరకాల శబ్దాలు వినిపించింది. ఇదా, ఇదా అని అడుగుతూ పోయింది. ఆయన కాదు కాదు అని తల అడ్డంగా ఊపుతున్నారు. ఒకచోట ఆగిపోయారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"ఇదే తల్లీ. ఇదే. ఇదే."

కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. లోపల ఉన్నది బయట కూడా ఉందని, దాన్ని ఇంకొకరు పట్టుకోగలిగారని ఆయనకు అప్పుడే తెలిసింది. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి నాకు ఇచ్చారు. "నువ్వూ ఇనమ్మా" అన్నారు. పెట్టుకున్నాను. మొదట ఇంతేనా అనిపించింది. దూరంగా సన్నగా ఒక రొద, ఏ మార్పూ లేకుండా. ఒక నిమిషానికి చిరాకు వేసింది. రెండో నిమిషానికి తీసి పక్కన పెట్టేశాను. ఆయన నన్నే చూస్తున్నారు.

డాక్టరమ్మ కల్లబొల్లి మాటలేమీ చెప్పలేదు. "ఏళ్ల తరబడి మగ్గాల మోతకు చెవి లోపల దెబ్బతింది పెద్దాయనా. మీకు వినపడకుండా పోయిన శబ్దాల చోటును మెదడు తనే ఏదో శబ్దంతో నింపుకుంటోంది. పిచ్చి కాదు, గాలీ కాదు. దీన్ని మాయం చేసే మందు లేదు" అంది. నిశ్శబ్దంలో కూర్చోవద్దంది. చెవి మిషను పెట్టుకోమంది, రేడియో సన్నగా పెట్టుకోమంది. నలుగురిలో ఉండమంది. దాచుకుంటే ఎక్కువవుతుందని కూడా చెప్పింది.

"తగ్గదా ఇంక?" అని అడిగారు మామ.

"రొద ఉంటుంది. దాని మీద మీ కోపం తగ్గుతుంది. అది తగ్గితే చాలావరకు తగ్గినట్టే."

తిరుగు బస్సులో ఆయన నిద్రపోలేదు. "పిచ్చి కాదంటమ్మా" అన్నారు రేణిగుంట దగ్గర. పుత్తూరులో టీ తాగుతూ మళ్లీ అన్నారు. ఇంటికి రాగానే అత్తతో అదే మొదటి మాట. అత్త తాయెత్తు విప్పేసి, "నాకు ముందే తెలుసు" అంది. ఆమెకు ఏమీ తెలియదు.

ఆ తర్వాత వచ్చిన అమావాస్యనాడు అమ్మవారి గుడిలో పూజ అయిపోయి, మంటపంలో అందరికీ ఆకుల్లో పొంగలి పెడుతున్నారు. ఆడా మగా అందరూ ఉన్నారు. మొదలాళి ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మామ పొంగలి తీసుకోకుండా నేరుగా ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డారు. ఏం చేయబోతున్నారో మాకు చెప్పలేదు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అప్పా, ఆ పొద్దు నేను అన్న మాట తప్పు" అన్నారు మామ. మెల్లగా అనలేదు, షెడ్డులో మాట్లాడినట్టు గట్టిగా అన్నారు. "నీ మగ్గం ఆడలా. నా సెవిలో ఆడింది. ఇప్పుడూ ఆడతా ఉండాది, ఈ గుడిలో కూడా. తిరపతిలో డాక్టరుకు సూపించుకున్నాను. పిచ్చి కాదంట, మన మోతకు సెవి పోయిందంట. నాలుగు నెలలు దాచి పెట్టుకున్నాను. మేస్త్రీగిరీ పోతాదని బయపడినాను. పోతే పోనీ. నిన్ను నలుగురిలో అన్నాను గాబట్టి నలుగురిలోనే సెప్తాండాను. తప్పయింది."

పొంగలి పెట్టేవాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మొదలాళి చేతిలో ఆకు పక్కన పెట్టాడు. తర్వాత లేచాడు.

"మేస్త్రీ, నేనొకటి సెప్పనా" అన్నాడు. "నువ్వు ఆ పొద్దు అరిస్తే నాకు కోపం వచ్చింది, నిజమే. కానీ తాళం తీసింది నీకు సూపించేదానికి కాదు. నేను సూసుకునేదానికి. నాకూ ఇనపడతా ఉండాది అప్పా. రెండేళ్లయింది. తలుపు తీసేదాకా నా మగ్గాలే ఆడతాండాయేమోనని నాకూ అనుమానమే."

మంటపంలో ఎవరూ నవ్వలేదు. నూలు కండెలు చుట్టే ముసలామె ఒకామె వెనక నుంచి, "నాకు ఎసరు కాగతాన్నట్టు ఉంటాది నాయనా, కోడలు పొయ్యి ఆర్పలేదని రోజూ దాంతో కొట్లాట" అంది. ఇంకొకాయన తనకు ఈల వేసినట్టు ఉంటుందన్నాడు. ఒకతను భార్యకు కూడా అంతవరకు చెప్పలేదట, ఇప్పుడు ఆమె ఎదుటే చెప్పాడు. ఒక్కొక్కరే నోరు విప్పారు. అందరూ అదే వీధిలో, అదే మోతలో ఏళ్ల తరబడి బతికినవాళ్లు, ప్రతివాళ్లూ తమకొక్కరికే ఏదో పట్టిందని దాచుకుని కూర్చున్నారు. నేను ఆ మంటపంలో నిలబడి మా మామగారి వంక చూశాను. ఆ మనిషి ఇంటి కోడలినైనందుకు ఆ రోజు నాకు కలిగిన గర్వం, మా ఆయనకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు. మా ఆయన ఇది చదివితే చదవనీ.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. ఆయన భయపడినంతా కాకపోయినా కొంత అయింది. బజారు వీధిలో ఒక మొదలాళి, చెవుల్లో గోల ఉండే మేస్త్రీ నాకెందుకు అని పిలవడం మానేశాడు. ఆ తర్వాత ఎన్నడూ పిలవలేదు. మామ రెండు రోజులు ముఖం ముడుచుకుని కూర్చున్నారు. మూడో రోజు స్పానరు జేబులో పెట్టుకుని పక్కింటి షెడ్డుకు వెళ్లారు. గుమ్మంలో నిలబడకుండా లోపలికి పోయి, ఒక్కో మగ్గం చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడటం మొదలుపెట్టారు. అదురును బట్టి రోగం కనిపెట్టేవారు. మొదట్లో తప్పులు జరిగాయి. డెబ్బై ఒక్కేళ్ల వయసులో ఆయన పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆరు నెలలు తిరిగేసరికి చెవితో ఎంత చెప్పేవారో చేత్తోనూ అంత చెప్పేవారు. "సెవికి సెప్పేదే సెయ్యికీ సెప్తాదిమ్మా. నేనే ఇన్నాళ్లూ అడగలా" అనేవారు.

రొద పోలేదు. జలుబు చేస్తే, మనసు బాగా లేకపోతే, ఎక్కువయ్యేది. అలాంటి రోజున అత్తతో "ఈపొద్దు ఓవర్‌టైమ్" అనేవారు. అంటే ఆ రోజు ఆయన జోలికి పోకూడదని మాకు గుర్తు. మేము రేడియో పెంచేవాళ్లం. మా అమ్మాయి పక్కన కూర్చుని పాఠం బయటికి చదివేది. నేను ఏడాది పొడుగునా ఏదో ఒకటి కత్తిపీట ముందు వేసుకుని కూర్చునేదాన్ని. చూడవచ్చినవాళ్లు ఎవరైనా, ఇంకా ఉందా ఆ రొద అని అడిగితే ఆయన జవాబు ఒకటే. "అది ఉండాది. నేనూ ఉండాను." ఆ మాట చెప్పేటప్పుడు మీసం మీదికి చెయ్యి పోయేది.

తనకు పోయింది పోయింది, పిల్లలకు పోకూడదని పట్టుబట్టారు. షెడ్డులో పనిచేసే కుర్రవాళ్లందరికీ చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు తెప్పించారు, దారంతో మెడలో వేలాడదీసుకునేవి. వాళ్లు నవ్వారు. గుర్రానికి కళ్లెం వేసినట్టుందన్నారు. సెల్‌ఫోను మోగితే ఎలా వినపడుతుందన్నారు. ఆయన వాదించలేదు. బిరడా పెట్టుకోనివాడి మగ్గం ఆగిపోతే ముట్టుకునేవారు కాదు, అంతే. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. "పెట్టుకో, ముడతాను" అని స్పానరు పట్టుకుని పక్కన నిలబడేవారు. నా చేత ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయించి షెడ్డు గుమ్మంలో కట్టించారు. "ఈ మోత ఇంటికి తీసుకుపోవద్దు" అని. మాట ఆయనదే, అక్షరాలు నావి. అయినా ఆయన వీపు తిప్పగానే కుర్రవాళ్లు తీసేసేవారు. ఏడేళ్లూ ఆయనకు అదే దిగులు. "నేనుంటే పెట్టుకుంటారు. నేను పోతే పెరికి పారేస్తారు" అని పోయిన నెలలో కూడా అన్నారు.

ఆయన పోయిన రోజు నేను బడి నుంచి వచ్చేసరికి వీధిలో మగ్గాలు ఆపేశారు. మొదలాళి వసారాలో మామ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. చెవి మిషను తీయాలా వద్దా అని అత్త నన్ను అడిగింది. ఉండనీ అన్నాను. సాయంత్రానికి పాడె సిద్ధమైంది. మా ఆయన నిప్పు కుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. మోయడానికి నలుగురు షెడ్డు కుర్రవాళ్లు వచ్చారు. పని మధ్యలో లేచి వచ్చినవాళ్లు, ఇంటికి పోయి బట్టలు కూడా మార్చుకోలేదు. జుట్టులో దూది నూగు అలాగే ఉంది.

మా వైపు చావుకు పలకలు, అంటే డప్పులు కొట్టిస్తారు, టపాకాయలు కాలుస్తారు. ఆ మోతకు గుండె అదురుతుంది. పలకలవాళ్లు వరస కట్టి, మంట మీద కాచిన పలకలు భుజాలకు తగిలించుకున్నారు. ఆడవాళ్లం మేము గుమ్మం దాటి పోకూడదు. అత్తను పట్టుకుని నేను అరుగు మీద నిలబడ్డాను. పాడె లేచింది. మొదటి దెబ్బ పడింది.

ముందు కొమ్ము పట్టిన కుర్రవాడు పాడెను ఒక భుజం మీదికి సర్దుకుని, ఖాళీ అయిన చేత్తో మెడలో వేలాడుతున్న బిరడాలు వెతుక్కుని, ఒక చెవిలో పెట్టుకున్నాడు, తర్వాత రెండో చెవిలో. వాడి పక్కవాడు పెట్టుకున్నాడు. వెనక ఇద్దరూ పెట్టుకున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

అత్త ఏడుపు ఆపేసింది. "సూడుమ్మే" అంది నా భుజం పట్టుకుని. "పెట్టుకున్నారు."

పలకలు మోగుతుండగా ఆ నలుగురూ ఆయన్ని మోసుకుంటూ వీధి మలుపు తిరిగారు.